పల్నాటి మీదుగా గీసిన దారి: కాగితం దాటని అనంతపురం–అమరావతి ఎక్స్‌ప్రెస్‌వే

అనంతపురం–అమరావతి ఎక్స్‌ప్రెస్‌వే అనేది రాయలసీమను ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధానికి నేరుగా కలపడానికి రాష్ట్ర విభజన తర్వాత తలపెట్టిన ఆరు వరుసల రహదారి. ఉన్న రోడ్డును వెడల్పు చేసే పని కాదిది. పొలాల మీదుగా, కొండల మధ్యగా పూర్తిగా కొత్తగా వేయాలనుకున్న దారి. తొలి లెక్కల ప్రకారం ప్రధాన మార్గం సుమారు 371 కిలోమీటర్లు. కర్నూలు నుంచి 124 కిలోమీటర్ల వరకు, కడప నుంచి 104 కిలోమీటర్ల వరకు వచ్చి దానిలో కలిసే అనుబంధ మార్గాలతో కలిపితే మొత్తం 600 కిలోమీటర్లకు కాస్త తక్కువ. అనంతపురం, కర్నూలు, కడప, ప్రకాశం, గుంటూరు అనే ఐదు పాత జిల్లాలు దాని పరిధిలోకి వచ్చాయి. రాజధానికి చేరే ముందు చివరి అంచె అప్పటి గుంటూరు జిల్లా పడమటి భాగం, అంటే నేటి పల్నాడు జిల్లా నేల. సర్వేలు జరిగాయి, జాతీయ రహదారుల పట్టికలో 544ఎఫ్ అనే సంఖ్య కూడా దక్కింది. రోడ్డు మాత్రం పడలేదు.

ఈ దారికి ఎంచుకున్న దిశ కొత్తది కాదు. రాయలసీమ నుంచి కృష్ణా తీరానికి రావాలంటే నల్లమలను దాటాలి. దాటడానికి అనువైన కనుమలు కొన్నే ఉన్నాయి. వాటిలో నంద్యాలకు, గిద్దలూరుకు మధ్యనున్న నంది కనుమ ముఖ్యమైనది. దాన్ని దాటి తూర్పుకు దిగితే కంభం, మార్కాపురం ప్రాంతం, ఆపైన వినుకొండ, నరసరావుపేట, గుంటూరు వరసగా వస్తాయి. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల అడవి దారిన వచ్చినా వినుకొండ, నరసరావుపేట తప్పవు. నరసరావుపేట మీదుగా పోయే పెద్ద రోడ్డును ఇప్పటికీ గుంటూరు–కర్నూలు రోడ్డుగానే చెప్పుకుంటారు. పల్నాడు జిల్లా దక్షిణ భాగం సీమకు, డెల్టాకు మధ్య వాకిలి లాంటిది. ఆ రెండింటినీ కలపాలనుకున్న ప్రతి పాలకుడూ ఈ వాకిలి దగ్గరికే వచ్చాడు.

ఆ పని పెద్ద ఎత్తున మొదట జరిగింది రైలు రూపంలో. 1876–78 నాటి ధాత కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టింది. అనంతపురం అప్పటికి ఇంకా బళ్ళారి జిల్లాలో భాగమే, 1882లో గాని విడి జిల్లా కాలేదు. తీరంలో గింజలున్నా అవి సకాలంలో లోపలికి చేరే మార్గం లేక జనం చచ్చిపోయారు. 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషన్, కరువు ప్రాంతాలకు ధాన్యం చేరవేసే రైలు మార్గాలు వేయాలని గట్టిగా సిఫారసు చేసింది. ఆ ఆలోచన నుంచి పుట్టినదే బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే. బళ్ళారి వైపు నుంచి గుంతకల్లు, నంద్యాల, గిద్దలూరు, కంభం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా బెజవాడ దాకా మీటర్ గేజి పట్టాలు పరిచారు. సదరన్ మరాఠా రైల్వే దాన్ని నడిపింది. నల్లమలలో బొగద దగ్గర కొండను తొలిచారు. చలమ దగ్గర లోయ మీద దొరబావి వంతెనను ఎత్తైన ఇనుప స్తంభాలపై నిలబెట్టారు. 1990లలో బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు పట్టాలను వేరే వైపు మళ్ళించారు, పాత వంతెన వాడుక నుంచి తప్పుకుంది.

ఎక్స్‌ప్రెస్‌వే చరిత్ర చెప్పేటప్పుడు ఈ రైలు సంగతి వదలడానికి వీల్లేదు. నూట ముప్పై ఏళ్ళ తేడాతో గీసిన రెండు గీతలు దాదాపు ఒకే దిశలో సాగాయి. అడ్డుపడిన కొండ ఒకటే, అడవి ఒకటే. తేడా ఉన్నది కారణంలో. రైలు కరువు కోసం వచ్చింది, పూర్తయింది. ఎక్స్‌ప్రెస్‌వే రాజధాని కోసం పుట్టింది, ఆ రాజధాని భవిష్యత్తు ఊగిసలాడగానే అదీ ఆగిపోయింది.

రాజధానికీ సీమకూ ఉన్న లెక్క చాలా పాతది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒప్పందం కుదిరింది. ప్రత్యేకాంధ్ర వస్తే రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు, రెండోది కోస్తాకు ఉండాలని, ఏది కావాలో కోరుకునే హక్కు సీమకే ఉండాలని అందులో రాసుకున్నారు. ఆ ప్రకారమే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయింది. మరుసటి ఏడు హైకోర్టు గుంటూరులో వెలిసింది. రెండేళ్ళకు పైగా ప్రభుత్వం నల్లమలకు అటువైపు, న్యాయస్థానం ఇటువైపు ఉన్నాయి. వాటిని కలిపే సూటి దారి మధ్యలో పల్నాడు ఉంది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్ళాక రాకపోకల దిశ మారిపోయింది. సీమ నుంచి కర్నూలు మీదుగా ఉత్తరానికి, గుంటూరు నుంచి కృష్ణ దాటి హైదరాబాదుకు పెద్ద రోడ్లు పెరిగాయి. తూర్పు పడమరల దారి రెండో వరసలోకి జారింది.

పల్నాడులోనూ ఆ మార్పు కనిపిస్తుంది. ఇక్కడ మొదట నాలుగు వరుసలైన పెద్ద లోతట్టు రోడ్డు ఉత్తర దక్షిణాలుగా పోయేది. నల్గొండ జిల్లా నార్కెట్‌పల్లి నుంచి వాడపల్లి దగ్గర కృష్ణను దాటి, దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా అద్దంకి వైపు సాగే ఆ రోడ్డును 2010 తర్వాతి ఏళ్ళలో టోల్ పద్ధతిన విస్తరించారు. హైదరాబాదు నుంచి నెల్లూరు, చెన్నై వెళ్ళే లారీలకు అది దగ్గరి దారి. పిడుగురాళ్ళ సున్నం, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు దాని మీదనే కదులుతాయి. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద పండే మిరప, పత్తి గుంటూరు యార్డుకూ మిల్లులకూ చేరే రోడ్లు మాత్రం చాలా చోట్ల రెండు వరుసలుగానే మిగిలాయి. మాచర్ల రైలు కూడా 1930 ప్రాంతంలో వచ్చిన పాత మార్గమే. బీబీనగర్–నడికుడి లైను 1989లో పూర్తయ్యాక గాని పల్నాటి ఉత్తర భాగానికి హైదరాబాదుతో నేరుగా రైలు సంబంధం కలగలేదు.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. విభజన చట్టం పదమూడో షెడ్యూలులో కొత్త రాజధాని నుంచి హైదరాబాదుకు, తెలంగాణలోని ముఖ్య నగరాలకు వేగవంతమైన రైలు, రోడ్డు సౌకర్యాలు కల్పించాలని కేంద్రం మీద బాధ్యత పెట్టారు. రాయలసీమను రాజధానికి కలపడం గురించి ఆ వాక్యంలో ఏమీ లేదు. ఆ ఏడాది చివర విజయవాడ, గుంటూరు నగరాల మధ్య కృష్ణా దక్షిణ తీరాన్ని రాజధానికి ఎంచుకున్నారు. 2015లో భూసమీకరణ జరిగింది. అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. ఈసారి రాజధాని కోస్తాకే దక్కింది. శ్రీబాగ్ మాట సీమ సభల్లో మళ్ళీ వినిపించింది. అనంతపురం నుంచి అమరావతికి ప్రత్యేక రహదారి వేస్తామని చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ప్రకటించడాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. రాజధానిని సీమకు ఇవ్వలేని ప్రభుత్వం, సీమను రాజధానికి దగ్గర చేస్తానని ఇచ్చిన హామీ అది. వాహనాల రద్దీ లెక్కలు దానికి తర్వాత తోడయ్యాయి.

అమరావతి ప్రణాళికలో రహదారులకు మొదటి నుంచీ పెద్ద పీట వేశారు. రాజధాని నగరం 217 చదరపు కిలోమీటర్లు అయితే, దాని చుట్టూ ప్రాంతీయాభివృద్ధి సంస్థ పరిధి 8,000 చదరపు కిలోమీటర్లు దాటింది. సత్తెనపల్లి, పెదకూరపాడు వైపు ఊళ్ళు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. నగరం లోపల సీడ్ యాక్సెస్ రోడ్డు, దాని వెలుపల ఇన్నర్ రింగు రోడ్డు, అన్నిటికీ బయట సుమారు 189 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు. అనంతపురం నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌వే ఈ వలయాలకు పడమటి ద్వారం. అడవి దాటి, వినుకొండ–నరసరావుపేట నేలల మీదుగా వచ్చిన వాహనం ఊళ్ళలోకి దిగకుండానే మహానగర వలయంలోకి ప్రవేశించాలన్నది ఊహ. ఐదు జిల్లాల పొడవున సాగినా దీన్ని కేవలం ఊరూరి మధ్య రోడ్డుగా లెక్కవేయడం సరికాదు. కట్టబోయే నగరానికి ముందుగా చాచిన చెయ్యి అది.

ఎక్స్‌ప్రెస్‌వే స్వభావమే పల్నాటి రైతుకు కొన్ని ప్రశ్నలు తెచ్చింది. మామూలు రోడ్డు మీదికి ఏ పొలం గట్టు నుంచైనా బండి ఎక్కించవచ్చు. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి కేటాయించిన కూడళ్ళలో తప్ప ఎక్కడా ఎక్కలేరు. ఇరువైపులా కంచె ఉంటుంది. కట్ట ఎత్తుగా ఉంటుంది. సాగర్ కుడి కాలువ కింద నీళ్ళు చిన్న కాలువలుగా చీలి పొలాలకు పారే చోట, అలాంటి కట్ట అడ్డంగా వస్తే ప్రతి పిల్లకాలువకూ దారి విడవాలి. వాన నీరు నిలవకుండా తూములు పెట్టాలి. గట్టుకు అవతల పడిన సగం చేనుకు ఎడ్లూ ట్రాక్టరూ పోయేందుకు అండర్‌పాస్ కట్టాలి. ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులే గాని చేయలేనివి కావు. అసలు చిక్కు మరోచోట ఉంది. ఆ రోడ్డు వల్ల లాభం ఎక్కువగా అది మొదలయ్యే చోట, ముగిసే చోట ఉంటుంది. మధ్యలోని ఊరికి దక్కేది కూడలి ఎక్కడ పెడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. చారిత్రకంగా పల్నాడు అనగానే గుర్తొచ్చే గురజాల, మాచర్ల, కారంపూడి అయితే ఆ గీతకు బాగా ఉత్తరంగా ఉండిపోయాయి. పల్నాటి పేరు మీదుగా పోయే దారి అయినా పాత పల్నాడు తాలూకాను అది తాకేది కాదు.

భూమి విషయం మొత్తం ప్రాజెక్టుకే గుండెకాయ. మార్గానికీ అనుబంధాలకూ కలిపి 26,000 ఎకరాలకు పైగా కావాలని అంచనా. అందులో పట్టా భూములు, ప్రభుత్వ భూములతో పాటు అడవి కూడా ఉంది. మొత్తం వ్యయం 27,000 కోట్ల రూపాయల చుట్టుపక్కల తిరిగింది. జాతీయ రహదారుల చట్టం కింద భూమి తీసుకునేటప్పుడు కూడా 2013 భూసేకరణ చట్టం ప్రకారమే పరిహారం లెక్కకట్టాలని 2015 నుంచి అమలవుతోంది. గ్రామీణ భూమికి మార్కెట్ ధరపై గుణకం, దాని మీద నూరు శాతం సొలేషియం కలుస్తాయి. రైతుకు ఇది న్యాయమైన మార్పు. 1894 నాటి పాత చట్టం కింద నష్టపోయిన తరాలను చూసినవారెవరూ దాన్ని తప్పుపట్టలేరు. కానీ దానితో కొత్త రహదారి ఖర్చులో భూమి వాటా అమాంతం పెరిగింది. ఆ ఖర్చును కేంద్రం భరించాలా, రాష్ట్రం భరించాలా, పంచుకోవాలా అన్నది ఢిల్లీకీ విజయవాడకూ మధ్య ఏళ్ళ తరబడి నలిగిన ప్రశ్న.

నల్లమల రెండో అడ్డంకి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఈ కొండల్లోనే ఉంది. అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవిని వేరే పనికి వాడాలంటే కేంద్రం అనుమతి కావాలి. మొదటి మార్గంలో అడవి భాగం, సొరంగాలు, లోయ వంతెనలు ఎక్కువ కావడంతో ఖర్చు పెరిగింది. మార్గాన్ని పక్కకు జరిపి అడవిని తగ్గించుకుంటూ మళ్ళీ గీశారు. అలా జరిపినకొద్దీ పొడవు పెరిగి 380 కిలోమీటర్లు దాటింది. 1880లలో ఇంజనీర్లు ఎదుర్కొన్న కొండే 2017లోనూ ఎదురైంది. ఆనాడు అడవిని అడిగేవారు లేరు. ఈనాడు అడవికి చట్టం ఉంది, ఉండటం మంచిదే. కాకపోతే ఒక్కో సవరణకు నెలలు గడిచాయి, ఆ నెలల్లో ఎన్నికలు దగ్గరపడ్డాయి.

గీత ఖరారు కాని కాలంలో ఊళ్ళ పరిస్థితి గురించి రహదారి నివేదికలు సాధారణంగా మాట్లాడవు. సర్వే జరిగిన చోట పొలం అమ్మాలన్నా కొనాలన్నా ఇద్దరూ వెనకాడతారు. బోరు వేయాలా, తోట పెట్టాలా, పిల్ల పెళ్ళికి ఎకరం అమ్మాలా అన్న నిర్ణయాలు వాయిదా పడతాయి. జాతీయ రహదారుల చట్టంలో ఇందుకు కొంత రక్షణ ఉంది. భూమి తీసుకోవాలన్న ఉద్దేశాన్ని 3ఏ సెక్షన్ కింద ప్రకటించాక ఏడాదిలోగా 3డి ప్రకటన రాకపోతే మొదటిది రద్దవుతుంది. కానీ ఆ గడియారం గెజిట్ ప్రకటనతోనే మొదలవుతుంది. అంతకు ముందు సర్వేల దశలో సాగిన ఏళ్ళకు ఏ గడువూ లేదు. కట్టని రహదారికి కూడా మూల్యం ఉంటుంది, దాన్ని ఎవరూ పరిహారంగా లెక్కకట్టరు.

2019 మేలో ప్రభుత్వం మారింది. డిసెంబరు 17న ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి శాసనసభలో మూడు రాజధానుల ఆలోచన బయటపెట్టారు. విశాఖపట్నం పాలనకు, అమరావతి శాసనసభకు, కర్నూలు న్యాయానికి అన్నది దాని సారం. అమరావతిలో పనులు నిలిచిపోయాయి. అమరావతే ఏకైక రాజధాని కానప్పుడు అక్కడికి ఆరు వరుసల దారి ఎందుకన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. రహదారిని రాజధాని దాకా తీసుకెళ్ళకుండా చిలకలూరిపేట దగ్గర కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారిలో కలిపేయాలన్న కుదింపు ప్రతిపాదన ముందుకొచ్చింది. చివరి అంచె పోయాక పేరులో అమరావతి ఉండే అర్థం లేదు. కొద్ది కాలానికే ఆ రూపం కూడా పక్కకు పోయింది.

దాని స్థానంలో కేంద్రం ఎంచుకున్నది బెంగళూరు–కడప–విజయవాడ మార్గం, జాతీయ రహదారి 544జి. కర్ణాటక సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మొదలై, కడప, ప్రకాశం ప్రాంతాల మీదుగా అద్దంకి దగ్గరి ముప్పవరంలో 16వ నంబరు జాతీయ రహదారిని చేరుతుంది. కొత్తగా వేసే భాగం 340 కిలోమీటర్ల పైచిలుకు. 2024 మార్చి 11న ప్రధాని దాని 14 ప్యాకేజీలకు శంకుస్థాపన చేశారు, పనులు సాగుతున్నాయి. రద్దీ లెక్కల దృష్టితో చూస్తే కేంద్రం ఎంపికకు బలమైన కారణం ఉంది. బెంగళూరు, విజయవాడల మధ్య సరుకు రవాణా ఇప్పటికే ఉంది, అది రాజధాని ఎక్కడుంటుందన్న దాని మీద ఆధారపడదు. పల్నాటి వైపు నుంచి చూస్తే మాత్రం గీత దక్షిణానికి జరిగింది. వినుకొండ, నరసరావుపేట దారి మీద లేకుండా పోయాయి. కొత్త మార్గంలో వచ్చే వాహనాలు 16వ రహదారి ఎక్కి చిలకలూరిపేట దగ్గర జిల్లాను తాకి వెళ్ళిపోతాయి. సీమకూ రాజధానికీ మధ్య రోజువారీ రాకపోకలు జరగాలంటే అనంతపురం, కర్నూలు నుంచి పాత దారి ఇప్పటికీ అవసరమే.

నగరాల కోసం గీసి వదిలేసిన రహదారులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. 1959లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలక మండలి జనం ఒత్తిడికి తలొగ్గి ఏడు ఫ్రీవేల ప్రతిపాదనలను కొట్టేసింది. న్యూయార్క్‌లో దిగువ మన్‌హట్టన్ మీదుగా వేయాలనుకున్న ఎక్స్‌ప్రెస్‌వేను జేన్ జేకబ్స్ వంటివారు పోరాడి ఆపారు. 1971లో టొరంటో స్పడైనా, 1973లో లండన్ రింగ్‌వేలు అదే దారి పట్టాయి. అక్కడ అప్పటికే నిలబడి ఉన్న నగరం రోడ్డును వద్దంది. ఇక్కడ పరిస్థితి తలకిందులు. నగరం ఇంకా లేవలేదు, దాని కోసం గీసిన రోడ్డును అడ్డుకున్న ప్రజా ఉద్యమమూ లేదు. అనుకున్న నగరానికి అధికారంలో అండ తగ్గగానే దాని రోడ్డు కూడా వాదించేవారు లేక ఆగిపోయింది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఎక్స్‌ప్రెస్‌వే ఆలోచన మొదలైన నాటికి గుంటూరు జిల్లాకు ఒక మూలగా ఉన్న నేల సొంత జిల్లా అయ్యేసరికి ఆ ఆలోచనే లేకుండా పోయింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మళ్ళీ మారింది, అమరావతి పనులు తిరిగి మొదలయ్యాయి, 2025 మే 2న ప్రధాని వాటిని పునఃప్రారంభించారు. ఔటర్ రింగు రోడ్డు ప్రతిపాదనకూ ప్రాణం వచ్చింది. దాని మార్గం పల్నాడు జిల్లాలోని అమరావతి, పెదకూరపాడు మండలాల ఊళ్ళ మీదుగా ఉంది. పాత ఎక్స్‌ప్రెస్‌వేను మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు. అనంతపురం నుంచి తాడిపత్రి, బనగానపల్లె, గిద్దలూరు, కంభం, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు చేరే 544డి రహదారిని అంచెలంచెలుగా విస్తరించడమే ఇప్పటి మార్గం. అందులో వినుకొండ నుంచి గుంటూరు దాకా నాలుగు వరుసలు చేసే పని పల్నాటికి నేరుగా సంబంధించినది. ఆరు వరుసలు కాకున్నా, కంచె లేకున్నా, అది ఊళ్ళను కలుపుతూ పోయే దారి. ఎక్స్‌ప్రెస్‌వే కూడళ్ళ కోసం ఎదురుచూడాల్సిన ఊళ్ళు దీని మీదికి నేరుగా ఎక్కగలవు. వినుకొండ మిరప లారీకి, నరసరావుపేట ఆసుపత్రులకు వచ్చే రోగికి కావలసింది చాలావరకు ఆ రోడ్డు తీర్చగలదు. గురజాల, మాచర్లకు మాత్రం ఈ రెండింటిలో ఏదీ దగ్గర కాదు. ఆ వైపు ఊళ్ళకు ఆధారం మాచర్ల మీదుగా పోయే 565వ నంబరు జాతీయ రహదారి, పిడుగురాళ్ళ కూడలి, పాత రైలు మార్గమే.